ఆకుపచ్చ ఎందుకు ఆలస్యమైంది?

"అక్కా, చిన్న సైకాలజీ ఎక్స్‌పెరిమెంట్‌కి సాఫ్ట్‌వేర్ చెయ్యాలి. ఏ లాంగ్వేజ్ అయితే బెటర్?"

రాత్రి 11 గంటలకి మా పిన్ని కూతురి వాట్సాప్ మెసేజ్. చెల్లి ఎంఎస్సీ సైకాలజీ రెండో ఏడాది. డిజర్టేషన్ తలమీదకొచ్చింది. నేను ఆలోచించింది నాలుగు సెకన్లు. "జావాస్క్రిప్ట్" అని కొట్టి పడుకున్నా. ఎందుకు జావాస్క్రిప్ట్? ఆఫీసులో రోజంతా నేను రాసేది అదే కాబట్టి. అంతకు మించి కారణం లేదు, ఇప్పుడు ఒప్పేసుకుంటున్నా.

ఆ నాలుగు సెకన్ల జవాబుని దిద్దుకోవడానికి మా ఇద్దరికీ ఆరు వారాలు పట్టింది.

చెల్లి చేస్తున్నది స్ట్రూప్ పరీక్ష. పేరు వినకపోయినా ఆట మీకు తెలిసే ఉంటుంది. "నీలం" అనే మాటని ఎర్రరంగులో చూపిస్తారు. మాట చదవకూడదు, రంగు చెప్పాలి. జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికన్ 1935లో దీనిమీద పేపర్ రాశారు, పేరు అలా ఉండిపోయింది. చదవడం మనకి ఎంత అలవాటైపోయిందంటే, వద్దన్నా కళ్లు చదివేస్తాయి. చదివిన మాట వచ్చి రంగుకి అడ్డం పడుతుంది. మాటా రంగూ ఒకటే అయినప్పుడు పట్టే టైమ్‌కీ, వేరువేరైనప్పుడు పట్టే టైమ్‌కీ మధ్య తేడానే ఇక్కడ కొలత. మామూలుగా అది సెకనులో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది, అంటే 100 మిల్లీసెకన్లు. మనం కన్నార్పే టైమ్ కూడా దీనికంటే ఎక్కువే.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకీ, ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియంలో ఉన్నవాళ్లకీ తెలుగు మాట ఒకేలా అడ్డం పడుతుందా? ఇదీ చెల్లి ప్రశ్న. తను పక్కా తెలుగు మీడియం. "బస్సు బోర్డు కనపడితే నేను చదవకుండా ఉండలేనక్కా. నా రూమ్మేట్ అదే బోర్డుని కూడబలుక్కుంటుంది. మా ఇద్దరికీ మాతృభాష తెలుగే. ఈ తేడా కొలవాలి" అంది. తన సబ్జెక్ట్ గురించి అంత ఉత్సాహంగా మాట్లాడటం నేను అప్పుడే విన్నా.

మొదటి గొడవ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌తో రాలేదు, తెలుగుతో వచ్చింది. నాలుగు రంగులు కావాలి. ఎరుపు, నీలం, పసుపు సరే. నాలుగోది "పచ్చ" అని పెడదామన్నా. చెల్లి నవ్వింది. "పచ్చకామెర్లు ఏ రంగక్కా?" నిజమే కదా! మా అమ్మమ్మకి ఆకూ పచ్చే, పసుపుకొమ్మూ పచ్చే. రంగు ఏదని అడిగే పరీక్షలో రెండు రంగులకి సరిపోయే మాట పెట్టలేం. అందుకని "ఆకుపచ్చ" అని పెట్టాం. మిగతా మూడింటికంటే పొడుగు మాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

సరే, జావాస్క్రిప్ట్ మొదలుపెట్టా. ఇలాంటి ప్రయోగాల కోసమే జేఎస్‌సైక్ అని ఒక ఉచిత లైబ్రరీ ఉంది, జాషువా డి లీవ్ తయారుచేసింది. మాట చూపించడం, జవాబు తీసుకోవడం, టైమ్ రాసుకోవడం అన్నీ రెడీగా ఉంటాయి. రెండు సాయంత్రాల్లో పని అయిపోయింది. లింక్ పంపిస్తే చాలు, ఎవరి ఫోన్‌లో వాళ్లు చేసేస్తారు. శనివారం లింక్ వెళ్లింది, ఆదివారం రాత్రికి 26 మంది చేసేశారు. స్టేటస్ పెట్టుకున్నా కూడా. ఆ స్క్రీన్‌షాట్ ఇప్పుడు లేదులెండి, తీసేశా.

సోమవారం చెల్లి ఫోన్ చేసింది. "ఒకబ్బాయికి ఒక జవాబు 47 సెకన్లు పట్టింది. అడిగితే మధ్యలో వాళ్ల నాన్న ఫోన్ చేశారట." ఇది చిన్న విషయం, అలాంటి వరసలు తీసేయొచ్చు. అసలు విషయం తర్వాత వచ్చింది. ఫారమ్‌లో "మీ ఫోన్ మోడల్ ఏది?" అని ఒక గడి పెట్టించింది తను. ఎందుకే అని విసుక్కున్నా అప్పట్లో.

ఇక్కడ తెర గురించి కాస్త చెప్పాలి. మామూలు తెర సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది. అంటే 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి. ఆ మధ్యలో మీరు ఏం చూపించమన్నా కుదరదు, తర్వాతి వంతు దాకా ఆగాల్సిందే. 120 హెర్ట్జ్ ఫోన్‌లో ఈ గడువు 8.3 మిల్లీసెకన్లే. మీ వేలు తగిలిందని ఫోన్ గుర్తించి బ్రౌజర్‌కి చెప్పడానికి ఇంకొంత టైమ్. అది ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది. పైగా 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, బ్రౌజర్లు తమ గడియారాల్ని కావాలనే కొంచెం మొద్దు చేశాయి. మరీ సూక్ష్మంగా టైమ్ చూడగలిగితే ఆ లోపం ద్వారా రహస్యాలు లాగొచ్చని భయం.

నేను ఊరుకుంటానా? వాదించా. "ఫోన్ 80 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే, మాటా రంగూ కలిసినప్పుడూ 80 చేస్తుంది, కలవనప్పుడూ 80 చేస్తుంది. నువ్వు ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తున్నావు. ఆలస్యం తీసివేతలో పోతుంది." లెక్క ప్రకారం అది తప్పు కాదు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నా.

"తీసివేత వరకూ ఓకే అక్కా. కానీ నా రెండో టేబుల్‌లో రెండు గ్రూపుల అసలు టైమ్‌లు పక్కపక్కన పెడుతున్నా. ఒకసారి ఫోన్ల కాలమ్ చూడు."

చూశా. తెలుగు మీడియం వైపు ఎక్కువ భాగం పాత బడ్జెట్ ఫోన్లు. అన్నయ్య వాడి ఇచ్చినవి, స్క్రీన్ పగిలినవి. ఇంగ్లిష్ మీడియం వైపు కొత్త ఫోన్లు, సగానికి పైగా 120 హెర్ట్జ్‌వి.

"ఫోన్ ఆలస్యాన్ని తీసుకెళ్లి మా తెలుగు మీడియం పిల్లల బుర్ర ఆలస్యం అని రాయనా?"

నా దగ్గర సమాధానం లేదు. కోడ్‌లో తప్పు లేదు, టెస్టులన్నీ పాసయ్యాయి. అయినా ఆ టేబుల్ అచ్చైతే అబద్ధం అయ్యేది. అదీ ఎవరి మీద! 26 మంది డేటా పక్కన పడేశాం. దానర్థం ఫోన్లలో చేసే ప్రయోగాలన్నీ దండగని కాదు. ఒకే మనిషిని అదే మనిషితో పోల్చేటప్పుడు, వందల మంది దొరికేటప్పుడు అవి బాగా పనికొస్తాయి. ఇక్కడ మనుషుల తేడాతో పాటే ఫోన్ల తేడా కూడా గ్రూపులుగా విడిపోయింది, అదీ చిక్కు.

కాబట్టి అందరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. చెల్లి వాళ్ల డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఒక పాత విండోస్ డెస్క్‌టాప్ ఉంది. మరి ఇప్పుడు ఏ లాంగ్వేజ్?

ఆఫీసులో టీ దగ్గర అడిగా. ఒకడు సీ ప్లస్ ప్లస్ అన్నాడు. ఇంకొకడు రస్ట్ అన్నాడు, వాడు దేనికైనా రస్టే అంటాడు. పైథాన్ అనగానే ఇద్దరూ ఒకేసారి "స్లో" అన్నారు. మిల్లీసెకన్లు కొలవాలంటే వేగమైన లాంగ్వేజే కావాలి కదా అని నేనూ తలూపా.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, మేం ముగ్గురం ఒకేలా పొరబడ్డామని. ఇలాంటి ప్రోగ్రామ్‌కి వేగంతో పెద్దగా పనిలేదు. చెప్పిన టైమ్‌కి రావాలి, అంతే. ఎక్స్‌ప్రెస్ బస్సు దూసుకుపోతుంది, కానీ మీ స్టేజీకి ఎప్పుడొస్తుందో తెలీదు. పల్లెవెలుగు నెమ్మదే, కానీ రోజూ సరిగ్గా 7:10కి వస్తుందనుకోండి, మీరు దేన్ని నమ్ముకుంటారు? ప్రోగ్రామ్ తర్వాతి బొమ్మని ముందే గీసి పెట్టుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు తెర వంతు వచ్చేదాకా ఆగి, ఆ క్షణంలో దాన్ని తిప్పుతుంది. ఆ తిప్పిన క్షణాన్ని ప్రోగ్రామ్ రాసుకుంటుంది. మిగతా టైమంతా ఖాళీగా కూర్చుంటుంది. పైథాన్ ఎంత నెమ్మదైనా, రెండు వంతుల మధ్య దొరికే 16 మిల్లీసెకన్లు ఈ కాస్త పనికి బోలెడు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. సరిగ్గా బొమ్మ చూపించే టైమ్‌లో డిస్క్ నుంచి ఫైల్ లాగడం, మెమరీ చెత్త ఊడ్చుకోవడం, యాంటీవైరస్ నిద్రలేవడం. అందుకే అన్నీ ముందే మెమరీలోకి తెచ్చిపెట్టుకోవాలి, మిగతా ప్రోగ్రామ్‌లన్నీ మూసెయ్యాలి.

నా మాటే నమ్మక్కర్లేదు. 2020లో పీర్‌జే జర్నల్‌లో ఒక పెద్ద పోలిక వచ్చింది. ఇలాంటి ప్యాకేజీలు కొన్నిటిని వరసగా పెట్టి, బయటి పరికరాలతో టైమింగ్ కొలిచారు. ల్యాబ్ కంప్యూటర్లలో సైక్‌టూల్‌బాక్స్, సైకోపై, ప్రెజెంటేషన్, ఈ-ప్రైమ్ నాలుగూ సగటున ఒక మిల్లీసెకను లోపు తేడాతోనే నడిచాయి. రాసినవాళ్లలో సైకోపై తయారుచేసిన జొనాథన్ పియర్స్ కూడా ఉన్నారు, అది మనసులో పెట్టుకునే చదివా. అయినా నాలుగింటిలో ఏదైనా పర్లేదనే ఫలితం చెబుతోంది కాబట్టి అనుమానపడటానికి పెద్దగా ఏం లేదు.

అంటే టైమింగ్ ప్రకారం వీటిలో ఒకటి ఎంచుకోవడం కుదరదు. డబ్బు ప్రకారం మాత్రం చాలా తేలిగ్గా కుదిరింది. ఈ-ప్రైమ్ విండోస్‌లోనే నడుస్తుంది, కొనాలి. సైక్‌టూల్‌బాక్స్ 1997 నుంచీ పేరున్నది, కానీ దాన్ని చాలామంది నడిపే మ్యాట్‌ల్యాబ్‌కి లైసెన్స్ కావాలి. ఉచితమైన ఆక్టేవ్‌లోనూ నడుస్తుంది కానీ మా ఇద్దరికీ ఆ లాంగ్వేజ్ రాదు. సైకోపై ఉచితం, ఓపెన్ సోర్స్, పైథాన్. పియర్స్ నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో మొదలుపెట్టారు, మొదటి పేపర్ 2007లో వచ్చింది. చెల్లికి స్టాటిస్టిక్స్ క్లాసులో పైథాన్ కొంచెం చెప్పారు కూడా. తేలిపోయింది.

ఇక్కడ నేను ఇంకో తెలివైన పని చేశా. సైకోపైలో బిల్డర్ అని ఒకటుంది. కోడ్ రాయకుండా, డబ్బాలు వరసగా పేర్చుకుంటూ ప్రయోగం కట్టుకోవచ్చు. చూశా, "కోడింగ్ రానివాళ్లకి" అనుకున్నా. నేను ఇంజినీర్ని కదా! గేమ్‌ల కోసం వాడే ఒక పైథాన్ లైబ్రరీ తీసుకుని వీకెండ్‌లో 400 లైన్లు సొంతంగా రాసి పంపించా.

చెల్లి కీబోర్డు మీద నాలుగు మీటలకి గుర్తులు కావాలంది. నాలుగు రంగుల బొట్టుబిళ్లలు కొని అంటించింది. హాస్టల్ నుంచి పదిమందిని పిలిచి ట్రయల్ వేసింది. నిజంగా బాగా వచ్చింది. ఒక్క విచిత్రం తప్ప. "ఆకుపచ్చ" అన్న మాట వచ్చినప్పుడల్లా అందరూ ఆలస్యం. ఆ మాట ఆకుపచ్చ రంగులోనే ఉన్నా ఆలస్యమే!

ఆ రాత్రి గంటసేపు మాట్లాడుకున్నాం. పొడుగు మాట కాబట్టి అని నేను. "పచ్చ"కి రెండు రంగుల అర్థం ఉంది కదా, బుర్ర ఒక్క క్షణం తికమకపడుతోందేమో అని చెల్లి. తెలుగుకి మాత్రమే ఉన్న స్ట్రూప్ విచిత్రం! నేనైతే పేపర్‌కి టైటిల్ కూడా ఆలోచించేశా.

తెల్లారి చెల్లి ల్యాబ్ తెరకి ఫొటో తీసి పంపింది. కింద ఒక్క ముక్క రాయలేదు. తెర మీద "ఆకుపచ్", పక్కన ఇంకో "చ". చకారం కింద వత్తు లేదు.

తెలుగు అక్షరాలు కంప్యూటర్ లోపల ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. చ, పొల్లు, మళ్లీ చ. వాటిని కలిపి "చ్చ" అని వత్తు కిందకి దించడం వేరే పని. బ్రౌజర్లు మనం అడక్కుండానే చేసిపెడతాయి. నేను వాడిన గేమ్ లైబ్రరీ చెయ్యలేదు, వచ్చినదాన్ని వచ్చినట్టు పేర్చింది. ఎరుపు, నీలం, పసుపుల్లో వత్తుల్లేవు కాబట్టి అవి చక్కగానే కనిపించాయి. మరి నేను టెస్ట్ చెయ్యలేదా? చేశా. నా ల్యాప్‌టాప్‌లో "రెడ్", "బ్లూ", "గ్రీన్" పెట్టి చేశా. తెలుగు మీద చేసే ప్రయోగాన్ని ఇంగ్లిష్‌తో టెస్ట్ చేశా.

పదిమంది పిల్లలు విరిగిన తెలుగు మాటని అతుక్కుంటూ చదివిన ఆలస్యానికి మేం సిద్ధాంతం కట్టబోయాం. దీనికి మందు చిన్నదే. నాలుగు మాటలు, నాలుగు రంగులు, మొత్తం 16 బొమ్మలు. బ్రౌజర్‌లో చక్కగా వచ్చిన అక్షరాల్ని బొమ్మలుగా సేవ్ చేసి, ప్రోగ్రామ్‌లో అక్షరాల బదులు అవే పెట్టాం. ఆ విధంగా జావాస్క్రిప్ట్ ఒక గంటసేపు ఉపయోగపడింది. ఆ వింత ఆలస్యం చాలావరకు పోయింది. మాట పొడుగు సంగతి మిగిలే ఉంది, దాన్ని పరిమితుల్లో రాసుకుంటానంది చెల్లి.

తర్వాతి వారం ల్యాబ్‌లో కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. నా ప్రోగ్రామ్ జవాబులన్నీ మెమరీలో పెట్టుకుని చివర్లో ఒకేసారి ఫైల్ రాసేది. అప్పటికి ఒకమ్మాయి దాదాపు పూర్తి చేసేసింది, అంతా పోయింది. అలవాటు పడిపోయింది కాబట్టి ఆ అమ్మాయిని మళ్లీ కూర్చోబెట్టలేం. ఊరు నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. చెల్లి నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ తప్పు సరిచేసి పంపేలోపే వాళ్ల గైడ్ మేడమ్ రెండు మార్పులు అడిగారు. ప్రతి 24 మాటలకి ఒక విరామం ఇవ్వాలి. సగం మందికి మీటల రంగులు తారుమారు చెయ్యాలి, లేకపోతే కుడిచెయ్యి వాటం ఒకే రంగుకి కలిసొస్తుంది. రెండూ సరైన మాటలే. కానీ ఆ వారం మాకు ఆఫీసులో రిలీజ్. "మూడు రోజులాగు" అన్నా. "మేడమ్ ఆగరక్కా, నేనే చూస్తా" అంది.

అర్ధరాత్రి మెసేజ్: "నీ కోడ్‌లో 'బ్రేక్' అని వెతికితే 11 చోట్ల వచ్చింది. ఒక్కటీ విరామం కాదు."

పైథాన్ తెలిసినవాళ్లు నవ్వుకోండి. అందులో బ్రేక్ అంటే లూప్‌లోంచి బయటికి రావడం. నేనూ నవ్వా. తర్వాత నా కోడ్ నేనే తెరిచి, చెల్లి కళ్లతో చూడాలని ప్రయత్నించా. ఒక క్లాస్, దాంట్లోంచి పుట్టిన ఇంకో క్లాస్, నాలుగు ఫైళ్లు. ఆఫీసులో రివ్యూకి పెడితే మెచ్చుకునే రకం. విరామం ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికి నాకే పావుగంట పట్టింది.

రెండు రోజుల తర్వాత చెల్లి ఒక ఫోల్డర్ పంపింది. నేను పక్కన పెట్టిన ఆ బిల్డర్‌లో మొత్తం మళ్లీ కట్టేసుకుంది. సూచనలు, ప్రాక్టీస్, అసలు పరీక్ష, విరామం, ధన్యవాదాలు, అన్నీ వరసగా డబ్బాలు. పక్కన ఒక ఎక్సెల్ షీట్. వరసకి ఏ బొమ్మ, ఏ రంగు, ఏ మీట సరైనది అని. మీటలు తారుమారు చెయ్యాలంటే ఇంకో షీట్, అంతే. జవాబులు ఫైల్‌లోకి ఎప్పుడెప్పుడు వెళ్తున్నాయో కూడా చూసుకుంది. టెస్ట్ మధ్యలో ప్లగ్ పీకేసి, ఏ వరస దాకా ఉందో లెక్కపెట్టిందట! కీబోర్డు టైమింగ్ కూడా నాదానికంటే నయం. మీటల్ని చదవడానికి సైకోపై వాళ్లు సైక్‌టూల్‌బాక్స్ కోడ్‌నే అరువు తెచ్చుకున్నారు. నేను గేమ్ లైబ్రరీ ఇచ్చిందాంతో సరిపెట్టుకున్నా.

నా 400 లైన్లలో ఒక్కటీ లేదు. 16 బొమ్మలు మాత్రం ఉంచింది.

కొంచెం మండింది, దాచుకోవడమెందుకు. రెండు వీకెండ్‌లు పెట్టా మరి. కానీ ఆ డబ్బాల వరస నాకు పది నిమిషాల్లో అర్థమైంది. మేడమ్‌కీ అర్థమైందట, ఒక డబ్బా తనే జరిపి చూశారట. వచ్చే ఏడాది చెల్లి వెళ్లిపోయాక ఏ జూనియరైనా తెరిచి తన మాటలు పెట్టుకోవచ్చు. నా క్లాసుల జోలికి వాళ్లలో ఎవరూ వచ్చి ఉండేవారు కాదు.

మొన్న అదే కోర్సులో చేరిన ఒక జూనియర్ నాకు మెసేజ్ పెట్టింది, చెల్లి నంబరిచ్చిందట. రియాక్షన్ టైమ్ ప్రోగ్రామ్, ఏ లాంగ్వేజ్ అక్కా అని. మీ పార్టిసిపెంట్లు ఎక్కడ కూర్చుంటారమ్మా, వాళ్లు చదివేది తెలుగా, ప్రోగ్రామ్‌లో మార్పొస్తే చేసేది నువ్వా వేరేవాళ్లా అని అడిగా. లాంగ్వేజ్ పేరు చెప్పకుండా ఇన్ని ప్రశ్నలేంటని తనకి విసుగొచ్చినట్టుంది, బ్లూ టిక్ పడి ఆగిపోయింది. చూడాలి.

పండక్కి ఊరెళ్లినప్పుడు ల్యాబ్‌కి కూడా వెళ్లా. పాత డెస్క్‌టాప్, పసుపుపచ్చగా మాసిన కీబోర్డు, దాని మీద నాలుగు బొట్లు. నేనూ కూర్చుని మొత్తం చేశా. చివర్లో "ధన్యవాదాలు" వచ్చింది, నకారానికి యావత్తు చక్కగా అతుక్కుని ఉంది. ఎంత స్కోరు వచ్చిందని ఆత్రంగా వెనక్కి తిరిగా.

"నీ డేటా వాడనక్కా. నీకు ప్రయోగం ముందే తెలుసు కదా" అంది చెల్లి ఫైల్ డిలీట్ చేస్తూ. "పనిలో పని, ఆకుపచ్చ బొట్టు ఊడొచ్చేలా ఉంది. వెళ్లేటప్పుడు ఫ్యాన్సీ షాపులో ఇంకో ప్యాకెట్ కొనిచ్చి వెళ్లు."